గ్రేట్ వేల్ నదిని కాపాడుకున్న క్రీలు రూపర్ట్ నదిని ఎందుకు ఇచ్చేశారు? అది లొంగుబాటా?

శ్యామల_కె
కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో క్రీ ఆదివాసులు ఒక జలవిద్యుత్ ప్రాజెక్టును ఎలా ఆపారో చూపించే డాక్యుమెంటరీ ఈ మధ్య చూశాను. పేరు 'పవర్'. మాగ్నస్ ఐజాక్సన్ ఐదేళ్ళ పాటు ఆ పోరాటం వెంటే ఉండి తీశారు, 1996లో వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో చదివాక మనసులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. చూడని వాళ్ళ కోసం ముందు కథ చెప్తాను.

1971 ఏప్రిల్ 30న క్యూబెక్ ప్రభుత్వాధినేత రాబర్ట్ బురాసా తన పార్టీ సభలో, లా గ్రాండ్ లాంటి ఉత్తరాది నదుల మీద డ్యామ్‌లు కట్టే జేమ్స్ బే ప్రాజెక్టు ప్రకటించాడు. ఆ నదుల మీద తరతరాలుగా వేటాడుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతుకుతున్న క్రీలకు ముందు ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళు వార్తల్లో విని తెలుసుకున్నారు. అప్పటికి మొత్తం సుమారు ఆరు వేల మంది. అన్ని ఊళ్ళనూ కలిపే సంఘం కూడా లేదు. కోర్టుకెళ్ళారు. వేటగాళ్ళు మాంట్రియల్ వచ్చి బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 1973 నవంబరు 15న జడ్జి ఆల్బర్ట్ మలూఫ్ పనులు ఆపమని ఆదేశించాడు. వారానికే పై కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. డ్యామ్ పనులు సాగుతూనే ఉన్నాయి, క్రీలు చర్చలకు కూర్చోక తప్పలేదు. 1975 నవంబరు 11న సంతకాలయ్యాయి. క్రీలకూ, వాళ్ళకు ఉత్తరాన ఉండే ఇన్యూట్ ఆదివాసులకూ కలిపి 22.5 కోట్ల డాలర్ల పరిహారం, వేట హక్కులు, సొంత స్కూలు బోర్డు, సొంత ఆరోగ్య బోర్డు వచ్చాయి. లా గ్రాండ్ నది చేజారింది.

1989లో రెండో దశ మొదలైంది. ఈసారి గ్రేట్ వేల్ నది మీద, సుమారు మూడు వేల మెగావాట్లు. అప్పటికి క్రీలకు సంఘం ఉంది, లాయర్లు ఉన్నారు, మాథ్యూ కూన్ కమ్ లాంటి నాయకుడు ఉన్నాడు. సగం క్రీ పడవ, సగం ఇన్యూట్ పడవలా 'ఒడెయాక్' అనే పడవను తయారు చేసి, 1990 ధరిత్రీ దినానికి న్యూయార్క్ నగరం దాకా తీసుకెళ్ళారు. ఎందుకంటే ఆ కరెంటు కొనబోయేది న్యూయార్కే. 1992లో న్యూయార్క్ 1,000 మెగావాట్ల ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. 1994 నవంబరులో క్యూబెక్ కొత్త అధినేత జాక్ పరీజో గ్రేట్ వేల్‌ను పక్కన పెట్టేశాడు.

ఇప్పుడు ప్రశ్న. 2002 ఫిబ్రవరి 7న అదే క్రీల నాయకత్వం, టెడ్ మోజెస్ నేతృత్వంలో, క్యూబెక్‌తో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టింది. యాభై ఏళ్ళలో 350 కోట్ల డాలర్లు వస్తాయి. బదులుగా రూపర్ట్ నది నీళ్ళు మళ్ళించడానికి ఒప్పుకున్నారు. ఒక నది కోసం అంత పోరాడిన వాళ్ళు ఇంకో నదిని సంతకంతో ఇచ్చేశారు. దీన్ని లొంగుబాటు అన్నవాళ్ళున్నారు.

నేను అలా అనుకోను. 1994లో 'వద్దు' అన్న మాటను నిలబెట్టుకోగలిగారు కాబట్టే 2002లో 'సరే' అన్నదానికి విలువొచ్చింది. వద్దనే దారి మూసేసి ఎంత ప్యాకేజీ ఇచ్చినా దాన్ని ఒప్పందం అనలేం. పోలవరం ముంపు మండలాల్లో జరిగింది ఈ రెండోదేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

రామకృష్ణ_హైడెల్
నేను ఉద్యోగమంతా జలవిద్యుత్ కేంద్రాల్లోనే చేసి రిటైరయ్యాను. దిగువ సీలేరులో చాలాకాలం ఉన్నాను. నేను ఎటువైపు నుంచి మాట్లాడుతున్నానో ముందే తెలియడం మంచిదని చెప్తున్నాను.

శ్యామల గారూ, గ్రేట్ వేల్‌ను ఆపింది పడవ కాదండీ, లెక్కలు. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో కరెంటు వాడకం అనుకున్నంత పెరగలేదు. సహజవాయువు చౌకగా దొరుకుతోంది. పొదుపు పథకాలతో కూడా డిమాండ్ తగ్గించుకోవచ్చని వాళ్ళకు అర్థమైంది. ఇరవై ఏళ్ళ పాటు ముందుగా కుదుర్చుకున్న రేటుకు కొనడం నష్టమనిపించి తప్పుకున్నారు. డాక్యుమెంటరీ తీసేవాళ్ళకు మనుషులు కావాలి, పడవ కావాలి. లోడ్ ఫోర్‌కాస్ట్‌ను, అంటే కరెంటు వాడకం ఎంత ఉంటుందన్న అంచనాను, తెర మీద చూపించలేరు కదా.

రెండో మాట. క్యూబెక్‌లో తొంభై శాతానికి పైగా కరెంటు నీటి నుంచే వస్తుంది. బొగ్గు పొగ లేదు, బూడిద చెరువులు లేవు. మన దగ్గర సాయంత్రం సోలార్ పడిపోయాక, గేటు తెరిచిన కొద్ది నిమిషాల్లో గ్రిడ్‌ను ఆదుకునేది హైడెలే. ఆ కరెంటు అందరికీ కావాలి, డ్యామ్ మాత్రం ఎవరి ఊరి దగ్గరా వద్దంటే ఎలా?

మూడోది, పోలవరాన్ని జేమ్స్ బేతో పోల్చకండి. పోలవరంలో 960 మెగావాట్లు ఒక భాగం మాత్రమే. 7.20 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు, కృష్ణాకు 80 టీఎంసీలు, విశాఖకు 23.44 టీఎంసీలు ఉన్నాయి. అక్కడ జర్మనీ కంటే పెద్ద నేల మీద కొన్ని వేల మంది. ఇక్కడ గోదావరి లోయలో లక్ష కుటుంబాలు ఒకవైపు, నీటి కోసం చూసే కోట్ల మంది ఇంకోవైపు.

గౌతమి_తీరం
లోడ్ ఫోర్‌కాస్ట్ మాట నిజమే కావచ్చు సర్. కానీ ఒప్పందం కుదిరినప్పుడు ఆ లెక్కలు ఎవరూ అడగలేదు. ఒడెయాక్ వెళ్ళాకే న్యూయార్క్ విద్యార్థులు, చట్టసభ సభ్యులు ఆ కాగితాలు తెరిపించారు. లెక్క తప్పని తేలడానికి ముందు ఎవరో ఒకరు లెక్క అడగాలి.

మాంట్రియల్_మురళి
ఇక్కడ ఉంటున్నాను కాబట్టి కొన్ని సంగతులు కలుపుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు క్యూబెక్ వాళ్ళ వైపు నుంచి చూడండి. ఇది తెలియకపోతే ఆ డ్యామ్‌ల మీద వాళ్ళకంత ప్రేమ ఎందుకో అర్థం కాదు. ఇక్కడి ఫ్రెంచి జనం చాలాకాలం సొంత రాష్ట్రంలోనే ఇంగ్లీషు యజమానుల కింద కూలీలుగా బతికారు. 1962 ఎన్నికల నినాదమే 'మన ఇంటికి మనమే యజమానులం' అని. ఆ ఎన్నిక గెలిచి, మరుసటి ఏడాది ప్రైవేటు కరెంటు కంపెనీలను ప్రభుత్వపరం చేశారు. జేమ్స్ బే ఆ ఆత్మగౌరవానికి గుర్తుగా నిలిచింది. లా గ్రాండ్ మీద మొదటి పెద్ద కేంద్రం ఒక్కటే 5,616 మెగావాట్లు. కొండను తొలిచి నేల కింద కట్టారు. ఇంజినీర్లు గర్వపడటంలో తప్పేమీ లేదు. ఇక్కడ చలికాలంలో ఇళ్ళను ఎక్కువగా కరెంటుతోనే వెచ్చబెట్టుకుంటాం. అయినా బిల్లు ఉత్తర అమెరికాలోని మిగతా చాలా చోట్ల కంటే తక్కువ.

అదే నినాదం క్రీలు కూడా అనొచ్చు కదా అన్నది మాత్రం అప్పట్లో ఎవరికీ తట్టలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. తమ ఇంట్లో యజమానులు కావాలనుకున్నవాళ్ళు పక్కవాడి ఇంటిని ఖాళీ జాగా అనుకున్నారు. 1995లో క్యూబెక్ కెనడా నుంచి విడిపోవాలా అని ఓటింగ్ పెట్టినప్పుడు, దానికి కొన్ని రోజుల ముందు క్రీలు సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నారు. 96.3 శాతం మంది మేం మీతో రామని చెప్పారు.

ఇక నష్టం సంగతి. డబ్బుతో సరిపోయే నష్టమైతే ఈ చర్చే ఉండేది కాదు. అడవిని, చిత్తడి నేలను అలాగే ముంచేశారు. నీటి కింద కుళ్ళే మట్టిలో, ఆకుల్లో ఉన్న పాదరసాన్ని బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. అది పురుగుల నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ, పోయే కొద్దీ గాఢమవుతుంది. 1984లో చిసాసిబి ఊళ్ళో పరీక్షలు చేస్తే సగానికి పైగా మందిలో పాదరసం హద్దు దాటి ఉంది. చేపే ప్రధాన ఆహారమైన జనానికి చేప తినొద్దని డాక్టర్లు చెప్పాల్సి వచ్చింది. చేపలు మళ్ళీ మామూలు స్థితికి రావడానికి ఇరవై, ముప్ఫై ఏళ్ళు పడుతుంది. ఈలోగా పెరిగిన పిల్లలు వల వేయడం ఎవరి దగ్గర నేర్చుకుంటారు? పరిహారం రాసే కాగితంలో ఈ నష్టానికి గడి లేదు.

చిసాసిబి కూడా పాత ఊరు కాదు. ఫోర్ట్ జార్జ్ అనే ద్వీపంలో ఉండేవాళ్ళు. డ్యామ్ నుంచి వదిలే నీటి ఉరవడికి ఒడ్డు కోసుకుపోతుందని 1980, 81ల్లో ఊరంతా నది ఒడ్డుకు తరలింది. 1984 సెప్టెంబరులో కానియాపిస్కో నదిలో సుమారు పదివేల కారిబూలు, అంటే అక్కడి అడవి దుప్పులు, వరదలో కొట్టుకుపోయి చచ్చాయి. ఎడతెరిపి లేని వానలే కారణమని విద్యుత్ సంస్థ అంది, డ్యామ్ నీళ్ళు వదలడం వల్లేనని అక్కడి ఆదివాసులు అన్నారు.

కాబట్టి రామకృష్ణ గారూ, పొగ లేని మాట నిజం. హాని లేదనడం మాత్రం నిజం కాదు.

2002 ఒప్పందం గురించి రేపు రాస్తాను. అది శ్యామల గారు చెప్పినంత తేలిక కథ కాదు.

సత్యం_చోడవరం
నేను రైతును. మాది అనకాపల్లి జిల్లా. పోలవరం ఎడమ కాలువ నీళ్ళు వస్తాయని మా నాన్న కాలం నుంచి వింటున్నాం. చెరువు నిండిన ఏడాది పంట, నిండకపోతే కుర్రాళ్ళు విశాఖలో, హైదరాబాద్‌లో కూలికి పోతారు. మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలే. ముంపు ఊళ్ళ వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకు అన్యాయం జరిగిందంటే నమ్ముతాను. అయితే ఒక్కటి అడుగుతాను. మా వలసల మీద ఎవరైనా డాక్యుమెంటరీ తీశారా? ఏటా వేల టీఎంసీలు సముద్రంలో కలుస్తుంటే చూస్తూ కూర్చున్న మా మాట ఎవరు అడుగుతారు? ఒక ఊరు వద్దంటే ప్రాజెక్టు ఆగిపోవాలంటే, ఈ దేశంలో ఒక్క కాలువ కూడా తవ్వలేం. మాకు నీళ్ళు లేకపోవడం కూడా ఒకరు తీసుకున్న నిర్ణయమే కదా.

అడ్వకేట్_సునీత
సత్యం గారి ప్రశ్న సరైనది. దాన్ని దాటేయకుండా జవాబు చెప్పాలి.

'ఒక ఊరు వద్దంటే ఆగిపోవాలా' అన్నదానికి మన చట్టాలు ఇప్పటికే కొంత చెప్పాయి. 1996 పెసా చట్టం ప్రకారం, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభతో సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంది. అంటే పార్లమెంటే ఈ హక్కు ఇచ్చింది, ఎవరో సినిమా తీసి ఇచ్చింది కాదు. మన దేశంలో అది పనిచేసిన సందర్భం కూడా ఉంది. 2013లో ఒడిశా నియమగిరి మీద సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు ఊళ్ళు బాక్సైట్ గని వద్దన్నాయి, గని రాలేదు. దాంతో దేశమేమీ ఆగిపోలేదు.

డ్యామ్ ఉదాహరణ కావాలంటే కోయెల్ కారో. ఇప్పటి జార్ఖండ్‌లో 710 మెగావాట్ల ప్రాజెక్టు. ముండా ఊళ్ళు 1970ల నుంచి అడ్డుకున్నాయి. సర్వే చేసే వాళ్ళను రానివ్వలేదు. 1995 జులైలో శంకుస్థాపనకు మన పీవీ నరసింహారావు గారు ప్రధానిగా వెళ్ళాల్సి ఉంది. వేలమంది అడ్డంగా కూర్చోవడంతో ఆ కార్యక్రమమే జరగలేదు. 2001 ఫిబ్రవరి 2న తప్కరాలో పోలీసు కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. 2003లో ప్రభుత్వం ప్రాజెక్టును వదిలేసింది. ఆ ఎనిమిది మంది పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనపడవు. వాళ్ళకు న్యూయార్క్ లేదు, అంతర్జాతీయ కెమెరాలు లేవు.

జేమ్స్ బే దగ్గర నాకు ఆసక్తి కలిగించేది మలూఫ్ తీర్పుకు ఆధారం. 1912లో కెనడా ఆ ఉత్తర భూభాగాన్ని క్యూబెక్‌కు కలిపినప్పుడు, అక్కడి ఆదివాసుల హక్కులను ముందు పరిష్కరించుకోవాలని చట్టంలోనే షరతు పెట్టింది. అరవై ఏళ్ళ పాటు క్యూబెక్ ఆ పని చేయలేదు. క్రీలు పట్టుకున్నది ఆ షరతునే. ఆదివాసీ ప్రాంతాలకు మన రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూల్ అలాంటిదే. పోలవరంలో కూడా మలూఫ్ తీర్పు లాంటి రోజు ఒకటి వచ్చింది. 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ పోలవరం పర్యావరణ అనుమతిని కొట్టేసింది. ముంపు ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో కూడా ఉంటే, అక్కడి ప్రజలను అడగకుండా అనుమతి ఎలా ఇచ్చారన్నది ఆ కేసులో పెద్ద ప్రశ్న. హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. పనులు నడిచాయి.

తేడా ఆ తర్వాత వచ్చింది. అక్కడ కోర్టులో ఓడినా, ప్రభుత్వం అందరితో కలిపి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ కుటుంబం కుటుంబంగా విడదీసి, ఒక్కొక్కరికి చెక్కు చేతిలో పెట్టారు. ఒంటరిగా కూర్చున్నవాడు ఏం బేరం ఆడతాడు?

రామకృష్ణ_హైడెల్
సునీత గారూ, చట్టం గురించి మీతో వాదించను. కానీ 2013 చట్టం రాకముందే మొదలైన ప్రాజెక్టు అది. గోదావరి నీళ్ళను రాష్ట్రాల మధ్య పంచిన ట్రిబ్యునల్ అవార్డు 1980 నాటిది. ప్రతి కొత్త చట్టంతో పాత నిర్ణయాలు తిరగదోడితే ముప్ఫై ఏళ్ళు పట్టే పని ఏదీ పూర్తి కాదు.

ఇంకోటి, నియమగిరిలో ఒక కంపెనీ గని. దాన్ని కాదంటే నష్టం కంపెనీకి. నీళ్ళ ప్రాజెక్టును కాదంటే నష్టం సత్యం గారికి. ఈ రెండూ ఒకటి కావు.

కూనవరం_కోయ
సత్యం అన్నా, నువ్వు రాసింది చదివాను. మాది కూనవరం మండలం, శబరి గోదావరిలో కలిసే చోటు. నీకు నీళ్ళు రావాలని మా ఇంట్లో కూడా అంటారు. మేం ఎప్పుడూ నీళ్ళకు అడ్డం కాదు. మమ్మల్ని ఎవరైనా ఎదురుగా కూర్చోబెట్టి, 'అనకాపల్లిలో ఇలా ఉంది, మీరేమంటారు' అని అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళమో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఎందుకంటే అడగలేదు.

2014లో మా ఏడు మండలాలను ఆర్డినెన్స్‌తో తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపారు. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, కాగితాల కోసం తిరిగే ఆఫీసులు మారాయి. మీకు ఏ రాష్ట్రం కావాలని కూడా అడగలేదు. క్రీలు మేం మీతో రామని ఓటేశారని మురళి గారు రాస్తే, అది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. ఓటు పెట్టుకోవచ్చని మాకు తట్టలేదు. తట్టినా లెక్కపెట్టేవాళ్ళు ఎవరు?

మొదటి దశలో 41.15 మీటర్ల దాకా మునిగే ఊళ్ళను ఖాళీ చేయిస్తామన్నారు. మిగతావి 45.72కి నీళ్ళు నిలిపేటప్పుడట. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మొదటి దశ జాబితాలో లేని ఊళ్ళు కూడా మునిగాయి. గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నాం. అధికారి దగ్గరకు పోతే మీ ఊరు రెండో దశలో ఉందంటాడు. వరదకు ఆ దశలు తెలియవు కదా.

కాలనీ సంగతి. ఇల్లు ఇస్తారు. సిమెంటు ఇల్లే, కాదనను. మా పిన్ని వాళ్ళు వెళ్ళారు. అక్కడ ఇప్పచెట్టు లేదు, తునికాకు లేదు, వెదురు లేదు. చింతపండు కొనుక్కుంటున్నారు. కోయ ఇంట్లో చింతపండు కొనడమేంటని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. పోడు చేసుకున్న వాళ్ళకు పట్టా ఉంటేనే భూమి లెక్క, లేకపోతే ఆక్రమణ కింద రాస్తారు. కటాఫ్ తేదీకి పద్దెనిమిది నిండని వాళ్ళకు విడిగా ప్యాకేజీ లేదు. ప్రాజెక్టు ఏళ్ళ తరబడి సాగింది, వాళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. కాగితం మీద ఇంకా మైనర్లే.

రామకృష్ణ సార్, లక్ష కుటుంబాలు ఒకవైపు, కోట్ల మంది ఒకవైపు అన్నారు. అలా తూకం వేస్తే మేం ఎప్పుడూ తక్కువే తూగుతాం. అందుకే కదా సార్ మాకు వేరే చట్టాలు పెట్టింది.

సత్యం_చోడవరం
తమ్ముడూ, నీ మాట చదివాను. పద్దెనిమిదేళ్ళ సంగతి నాకు తెలియదు. అది అన్యాయం. మా కాలువ పేరు చెప్పి నీకు అలా చేయడం నేను ఒప్పుకోను. అయినా నాకు నీళ్ళు కావాలి. ఈ రెండు మాటలూ నేను గట్టిగానే అంటున్నాను.

మాంట్రియల్_మురళి
2002 సంగతి రాస్తానన్నాను.

లొంగుబాటు కాదనడానికి బలమైన కారణం ఒకటుంది. అప్పటికి క్యూబెక్ దగ్గర ఇంకా పెద్ద పథకం ఉంది. నొటావే, బ్రాడ్‌బ్యాక్, రూపర్ట్ మూడు నదులనూ కలిపి కట్టాలని. ముంపు వేల చదరపు కిలోమీటర్లు. 2002 ఒప్పందంలో ఆ పథకాన్ని వదులుకుంది. రూపర్ట్ ఒక్కదాన్నే, చాలా తక్కువ ముంపుతో మళ్ళిస్తారు. పైగా అడవి నరికే కంపెనీలను కట్టడి చేసే నిబంధనలు వచ్చాయి. డబ్బు ఒక్కసారి చెక్కుగా కాకుండా యాభై ఏళ్ళ పాటు ఏటా వస్తుంది. ఆ నేల మీద ఆదాయం పెరిగితే వాళ్ళ వాటా కూడా పెరుగుతుంది. ఊరూరా ఓటింగ్ పెట్టారు. ఓటేసిన వాళ్ళలో సుమారు డెబ్బై శాతం సరేనన్నారు.

ఇక్కడితో ఆపితే శ్యామల గారి వాదన పూర్తిగా నెగ్గినట్టే. కానీ ఆ మళ్ళింపు నేరుగా తాకే ఊళ్ళ మాట వేరు. చిసాసిబి, నెమాస్కా, వస్కగనిష్ ఊళ్ళ నాయకులు రూపర్ట్‌ను మళ్ళించొద్దని తర్వాత కూడా పోరాడారు. 2006లో తమ ఊళ్ళలో విడిగా ఓటింగ్ పెడితే అత్యధికులు వద్దన్నారు. వినలేదు. 2009 నవంబరులో నదిని మళ్ళించారు. సగానికి పైగా నీళ్ళు ఉత్తరానికి, లా గ్రాండ్ టర్బైన్ల వైపు పోతున్నాయి. ఓటు జాతి మొత్తం వేసింది, దెబ్బ మాత్రం ఎక్కువగా ఆ మూడు ఊళ్ళకు.

1975 ఒప్పందంలో మన వాళ్ళు చూసి నేర్చుకోవాల్సినది ఒకటుంది. వేట మీదే బతికే కుటుంబాలకు, ఏడాదిలో అడవిలో గడిపిన రోజులను లెక్కగట్టి ఆదాయం ఇచ్చే పథకం పెట్టారు. అది ఇంకా నడుస్తోంది. అడవిలో బతకడం కూడా పనే అని ఒక ప్రభుత్వం చట్టబద్ధంగా ఒప్పుకుంది. కూనవరం తమ్ముడు చెప్పిన ఇప్పపువ్వు, తునికాకు, వెదురు లెక్కలోకి రావాలంటే ఇలాంటిదే ఏదో కావాలి.

గౌతమి_తీరం
కెనడాను మరీ ఆదర్శంగా చూడకండి. 2007లో ఆదివాసుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ప్రకటన పెడితే వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో కెనడా ఒకటి. భారత్ అనుకూలంగా ఓటేసింది. ఓటు వేరు, చేసింది వేరు.

శ్యామల_కె
మురళి గారూ, మూడు ఊళ్ళ సంగతి నా వాదనను ఇబ్బంది పెట్టేదే, కానీ పడగొట్టేది కాదని అనుకుంటున్నాను. జాతి మొత్తానికీ వద్దనే హక్కు ఉన్నా, లోపల చిన్న ఊరికి ఆ హక్కు చేరకపోతే అదే అన్యాయం చిన్న రూపంలో జరుగుతుంది. అందుకే గ్రామసభ అన్న మాట నాకు నచ్చుతుంది. హక్కు జిల్లాకో, తెగకో కాకుండా ఊరికి ఉంటుంది. దానికి తగ్గ కష్టం కూడా ఉంటుంది, సత్యం గారు అన్నదే. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. ఊరు వద్దన్నప్పుడు ప్రభుత్వం చేయాల్సింది మళ్ళీ గీత గీయడం. ఎత్తు తగ్గించడం, చిన్న బ్యారేజీలు చూడటం, లిఫ్టులు చూడటం. క్యూబెక్ మూడు నదుల పథకం వదిలి ఒక్క నదికి దిగింది కదా. ఇంజినీర్లకు అది చేతకాక కాదు, చేయమని బలవంతం పెట్టేవాళ్ళు లేక.

రామకృష్ణ_హైడెల్
ఎత్తు తగ్గిస్తే నిల్వ తగ్గుతుంది, వేసవిలో కాలువకు నీరందదు. ఆ గీతలు నా మిత్రులు గీసినవే, ప్రతి మీటరు మీద కొట్లాడి గీసినవి. 194.6 టీఎంసీల నిల్వ ఊరికే రాసుకున్న అంకె కాదు. సీలేరులో కట్టిన తరం మేం. అక్కడ మిషన్లు తిరిగిన చాలా ఏళ్ళ తర్వాత కూడా చుట్టుపక్కల గూడేల్లో దీపాలు లేవు. అది నేను కళ్ళారా చూశాను, ఉద్యోగంలో ఉండగా పై వాళ్ళకు రాశాను కూడా. కాబట్టి ప్రాజెక్టులో వాటా అనే మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. తయారయ్యే ప్రతి యూనిట్ మీద కొంత సొమ్ము ముంపు ఊళ్ళకు ఏటా వెళ్ళాలి, కేంద్రం నడిచినంత కాలం. ఒక్కసారి చెక్కు ఇచ్చి చేతులు దులుపుకోవడం తప్పు. వద్దనే హక్కు విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. నీటి మీద నిర్ణయం చివరికి చట్టసభదే కావాలి.

అడ్వకేట్_సునీత
రామకృష్ణ గారూ, యూనిట్ మీద వాటా మంచి ప్రతిపాదన, దాన్ని మనం పట్టుకోవాలి. కానీ 1971లో క్రీలకు వాటా ఇస్తామని ఎవరూ అనలేదు, పని ఆగుతుందన్న భయం పుట్టాకే అన్నారు. ఆపగలిగే శక్తి తీసేసి వాటా మాత్రం ఇమ్మంటే, ఎంత ఇవ్వాలో ఇచ్చేవాడే నిర్ణయిస్తాడు.

45.72 మీటర్ల దశ ఇంకా మిగిలే ఉంది. అక్కడి కుటుంబాల విషయంలో 'పాత నిర్ణయం' అన్న వాదన అంత తేలిగ్గా నిలవదు. వాళ్ళ గ్రామసభలు ఇప్పుడు కూర్చోవచ్చు. కూనవరం తమ్ముడూ, నిన్ను ఒకటి అడుగుతాను. రేపు మీ గ్రామసభ పెట్టి, నిజంగా మీ మాట వింటామంటే, ఏం అడుగుతారు?

కూనవరం_కోయ
మేడమ్, మా ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి రాస్తున్నాను. అందరూ ఒకే మాట అనలేదు. వెళ్ళిపోదాం, ఇక వరదలతో వేగలేం అన్నవాళ్ళు కూడా ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. ముసలివాళ్ళు కదలమంటున్నారు.

అందరూ ఒప్పుకున్నవి ఇవి. ఊరు మొత్తం ఒకే చోటికి వెళ్ళాలి, మూడు కాలనీల్లోకి చీల్చొద్దు. భూమికి భూమి ఇవ్వాలి, అది షెడ్యూల్డ్ ప్రాంతంలోనే ఉండాలి. మైదానానికి పోతే, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం రక్షణ పోతుంది, మా పిల్లల కాలానికి ఆ భూమి వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది. అడవి నడిచిపోయే దూరంలో ఉండాలి. పోడుకు ముందు పట్టా ఇచ్చి, తర్వాత ముంపు లెక్క రాయాలి. పద్దెనిమిదేళ్ళ లెక్క ఊరు ఖాళీ చేసే రోజున చూడాలి, ఏనాటిదో తేదీ మీద కాదు. రామకృష్ణ సార్ చెప్పిన యూనిట్ వాటా గురించి చెప్తే చాలా మంది నమ్మలేదు, అలా ఇస్తారా అని అడిగారు.

ఇవన్నీ రాతలో పెట్టి, గ్రామసభలో చదివి, ఇల్లు, భూమి చూపించాకే నీళ్ళు నిలపాలి. చూపించకపోతే మేం సంతకం పెట్టం. సత్యం అన్నకు కూడా చెప్తున్నాను, నువ్వు ఒకసారి మా వైపు రా. మా ఊరి వాళ్ళతో మాట్లాడు. మీ ఊళ్ళో ఎండిన చెరువు గురించి వాళ్ళకు నువ్వే చెప్పు.

సత్యం_చోడవరం
వస్తాను తమ్ముడూ. ఖరీఫ్ నాట్లు అయ్యాక వస్తాను. మా సంఘం నుంచి ఇంకో ఇద్దర్ని తీసుకొస్తాను. నీ నంబరు ఇక్కడ పెట్టకు, మెసేజ్ పెట్టు.